జలాశయంలో ఎంత ఖాళీ ఉంచాలి? కృష్ణా వరదల లెక్క

లక్ష క్యూసెక్కులు (అంటే సెకనుకు లక్ష ఘనపుటడుగులు) ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). కృష్ణా వరదల గురించి ఏం మాట్లాడాలన్నా ముందు ఈ ఒక్క లెక్క నోటికి రావాలి. తిరగేసి చెప్పుకుంటే, రోజుకు ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు. "శ్రీశైలానికి 4 లక్షల క్యూసెక్కుల వరద" అని టీవీలో స్క్రోలింగ్ పరిగెడుతుంటే, రోజుకు దాదాపు 35 టీఎంసీలు వచ్చి పడుతున్నాయని వెంటనే తట్టాలి. ఆ వెంటనే అడగాల్సింది డ్యామ్‌లో ఖాళీ ఎంత ఉందని. మన దగ్గర ఈ ప్రశ్న గేట్లు ఎత్తాక గానీ ఎవరూ అడగరు.

2009 అక్టోబరు మొదటి వారం తీసుకోండి. శ్రీశైలానికి పీక్ ఇన్‌ఫ్లో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ డ్యామ్ తట్టుకునేలా లెక్కగట్టిన డిజైన్ వరద 19 లక్షలే. 25 లక్షలు రోజంతా నిలకడగా వస్తే 216 టీఎంసీలు. పూర్తి నిల్వ మట్టమైన (ఎఫ్‌ఆర్‌ఎల్) 885 అడుగుల వద్ద శ్రీశైలం ఇప్పటి నిల్వ 215.8 టీఎంసీలు. అంటే చుక్క నీరు లేని శ్రీశైలం కూడా ఆ లెక్కన ఒక్క రోజులో నిండిపోతుంది. అదృష్టవశాత్తూ పీక్ అంతసేపు నిలవలేదు. అయినా మట్టం 896.5 అడుగులకు ఎగబాకింది. గరిష్ఠంగా అనుమతించిన మట్టం 892. ఎఫ్‌ఆర్‌ఎల్ దగ్గర అక్కడ అడుగుకు సుమారు 6 టీఎంసీలు పడతాయి కాబట్టి, 885 పైన 70 టీఎంసీల దాకా ఆ డ్యామ్ నెత్తిన మోసిందన్నమాట. అదే వరద కింద ప్రకాశం బ్యారేజీకి చేరేసరికి 11.1 లక్షలకు తగ్గింది. 25 కాస్తా 11 కావడానికి కారణం శ్రీశైలంలో, సాగర్‌లో ఎంతోకొంత నీరు ఆగి, ఆలస్యంగా కిందికి దిగడమే. ఆ ఆగడానికి మూల్యం పైవాళ్లు కట్టారు. తుంగభద్ర, హంద్రీ పొంగుకు శ్రీశైలం వెనుక జలాల ఎదురుపోటు తోడై కర్నూలు మునిగింది. ఎగువన మంత్రాలయం, అలంపూర్ కూడా నీట మునిగాయి.

మరి ముందే ఖాళీ ఉంచుకోవచ్చు కదా అంటారు. ఉంచుకోవచ్చు. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లో కృష్ణా మీద ఉన్న పెద్ద డ్యాముల్లో ఏదీ వరద కోసం కట్టింది కాదు. శ్రీశైలం మొదట్లో జలవిద్యుత్ ప్రాజెక్టు, సాగర్ సాగునీటి ప్రాజెక్టు. వరదకని ప్రత్యేకంగా వదిలిన నిల్వ వీటిలో లేదు. పైగా బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీటిని 75 శాతం నమ్మకం మీద, 2,060 టీఎంసీల లెక్కన పంచింది. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు ఆ మాత్రం నీరు వస్తుందని, నాలుగో ఏడు తక్కువ పడవచ్చని అర్థం. అది ఏ ఏడాదో ఆగస్టులో ఎవరికీ తెలియదు. చివరి రాష్ట్రాలం మనం. ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్, తుంగభద్ర నిండాకే మన దాకా వస్తుంది. వచ్చిన నీటిని వదులుకోవాలంటే ఏ ఇంజినీరుకైనా చెయ్యి రాదు. ఒక టీఎంసీతో ఆరుతడి పంటలైతే పదివేల ఎకరాలు పండుతాయని వాడుక లెక్క, వరికి ఆరేడు వేలే. రేపు వాన పడుతుందన్న అంచనాతో 50 టీఎంసీలు కిందికి వదిలి, ఆ వాన రాకపోతే 3 నుంచి 5 లక్షల ఎకరాల జవాబు చెప్పుకోవాలి. వదలకుండా వరద వచ్చిందనుకోండి, "కనీవినీ ఎరగని వరద" అన్న మాట ఒకటి ఎలాగూ ఉంది. తప్పు ఎటువైపు చేస్తే తేలిగ్గా బయటపడతామో అటే మొగ్గడం మానవ సహజం. వ్యక్తుల ధైర్యం మీద వదిలేయకుండా రూల్ కర్వ్ రాసి పెట్టాలనేది అందుకే.

రూల్ కర్వ్ అంటే ఏ తేదీకి డ్యామ్‌ ఏ మట్టం దాటకూడదో ముందే గీసుకున్న గీత. జూన్‌లో కింద మొదలై, ఆగస్టులో మెల్లగా ఎక్కి, వానాకాలం చివర ఎఫ్‌ఆర్‌ఎల్‌ను తాకుతుంది. కృష్ణాలో చిక్కు ఏమిటంటే, మన నీరు ప్రధానంగా జులై, ఆగస్టుల్లో పడమటి కనుమల నుంచి వస్తుంది. సెప్టెంబరు చివరికి డ్యాములన్నీ నిండుకుండలే. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. మహాబలేశ్వరం దగ్గర పడ్డ వాన మన దాకా రావడానికి రోజులు పడుతుంది, దారిలో డ్యాములున్నాయి, తయారయ్యే వ్యవధి ఉంటుంది. అక్టోబరు వాయుగుండం నేరుగా కర్నూలు, మహబూబ్‌నగర్, రాయచూరు మీద కుమ్మరిస్తే ఆ వ్యవధి గంటల్లోకి వచ్చేస్తుంది. 2009లో జరిగింది అదే. కాబట్టి నా ఉద్దేశంలో శ్రీశైలానికి గీత ఆగస్టులో కొంచెం వదులుగా ఉన్నా ఫర్వాలేదు. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకే గట్టిగా పట్టుకోవాలి. ఇప్పటి అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు.

ఖాళీ ఎంత కావాలో వేసే లెక్క

వరదను ఒక త్రిభుజంగా ఊహించుకోండి. అడుగు మూడు రోజులు, శిఖరం 10 లక్షల క్యూసెక్కులు. కింద ఊళ్లకు నష్టం లేకుండా వదలగలిగింది 5 లక్షలు అనుకుందాం. 5 లక్షల దగ్గర అడ్డంగా గీత గీస్తే, పైన మిగిలే చిన్న త్రిభుజమే డ్యామ్ ఆపాల్సిన నీరు. దాని ఎత్తు 5 లక్షలు, అడుగు ఒకటిన్నర రోజు. సగం గుణకారం 5 గుణకారం 1.5 గుణకారం 8.64. వచ్చేది 32 టీఎంసీలు. శ్రీశైలంలో 875 నుంచి 885 అడుగుల మధ్య సుమారు 50 టీఎంసీలు పడతాయి కాబట్టి, పది అడుగులు ఖాళీ ఉంచితే ఈ వరద కిందివాళ్లకు పెద్దగా తెలియకుండానే గడిచిపోతుంది.

శిఖరాన్ని 20 లక్షలకు పెంచండి. పై త్రిభుజం ఎత్తు 15 లక్షలు, అడుగు 2.25 రోజులు అవుతాయి. నీరు 146 టీఎంసీలు. వరద రెట్టింపైతే కావలసిన ఖాళీ నాలుగున్నర రెట్లయింది. పది, పదిహేను అడుగుల ఖాళీతో మామూలు వరదలు ఆగుతాయి గానీ 2009 లాంటిది ఆగదని ఈ లెక్కే చెబుతుంది. దాన్ని ఆపేంత ఖాళీ కావాలంటే సెప్టెంబరులో డ్యామ్‌ను మూడింట రెండొంతులు వట్టిగా పెట్టుకోవాలి. అది ఏ ప్రభుత్వమూ చేయదు, చేయమనడం కూడా న్యాయం కాదు.

ఇప్పుడు అదే 20 లక్షల వరదకు, కింద వదలగలిగింది 5 కాదు 10 లక్షలు అనుకోండి. పై త్రిభుజం ఎత్తు 10 లక్షలు, అడుగు ఒకటిన్నర రోజు, నీరు 65 టీఎంసీలు. 146 కాస్తా 65 అయింది. నది ఒడ్డున కట్టిన కట్ట ఎగువ డ్యామ్‌లో 81 టీఎంసీల ఖాళీతో సమానమైంది. విజయవాడ కృష్ణలంక రిటైనింగ్ వాల్‌ను ఈ కళ్లతో చూడాలి. 12 లక్షల క్యూసెక్కులకు డిజైన్ చేసిన ఆ గోడ, 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద రికార్డు స్థాయిలో 11.43 లక్షలు పారినప్పుడు రాణిగారితోట, కృష్ణలంకలను కాపాడింది. అయితే ఈ లెక్క గోడ ఉన్నంత మేరకే. బ్యారేజీ కింద అవనిగడ్డ దాకా మట్టి కరకట్టలూ, వాటి లోపల లంక గ్రామాలూ ఉన్నాయి. వాళ్లకు 5 లక్షలు దాటితేనే గండం. గోడ కట్టామని కింద వదలగలిగే పరిమాణాన్ని కాగితం మీద 10 లక్షలకు పెంచేస్తే, లంకల్లో అరటి, పసుపు, కంద వేసినవాళ్ల ఖర్చుతో నగరాన్ని కాపాడుతున్నట్టే. పెంచాలనుకుంటే లంకలకు పరిహారం లెక్క కూడా అదే ఫైల్‌లో ఉండాలి.

వాన అంచనా విలువను కూడా ఇదే కొలతలో చూడవచ్చు. వరద రావడానికి ఒక్క రోజు ముందు నమ్మకంగా తెలిస్తే, వచ్చేదానికన్నా 3 లక్షలు ఎక్కువ వదిలి 26 టీఎంసీలు ఖాళీ చేసుకోవచ్చు. వందల కోట్ల రాతిపని లేకుండా, ఎగువన వర్షమాపకాలూ, ఆ కొలతలను దూరం నుంచి పంపే టెలిమెట్రీ సరిగ్గా పనిచేస్తే చాలు, ఒక మధ్యతరహా జలాశయమంత ఖాళీ చేతికొస్తుంది.

వరద కోసమే కట్టిన డ్యాములు మనకు అసలు లేవా అంటే ఉన్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచాక, విశ్వేశ్వరయ్య సలహాతో వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. తర్వాత అవి నగరానికి మంచినీళ్ల చెరువులయ్యాయి. మంచినీళ్లకైతే నిండుగా ఉండాలి, వరదకైతే ఖాళీగా ఉండాలి. ఈ రెంటి మధ్య ఎప్పుడూ నిండుగా ఉండటమే గెలుస్తుంది. వానాకాలంలో ఆ గేట్లు ఎత్తగానే మూసీ ఒడ్డు బస్తీలు ఖాళీ చేయించాల్సి రావడం దాని ఫలితమే.

కట్ట మీద రాత్రి కాపలా

కట్టను 81 టీఎంసీలతో పోల్చాం గనుక, అది ఎలా పోతుందో కూడా చెప్పుకోవాలి. నీరు పైనుంచి పొర్లి తెగిన కట్టల కంటే కింద నుంచి ఊట పట్టి తెగినవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే పొర్లేది అందరికీ కనిపిస్తుంది. కట్టకు ఊరి వైపు అడుగున చెమ్మ, ఊట ఉంటే కంగారు పడనక్కర్లేదు. చూడాల్సింది నీటి రంగు. తేటగా వస్తే కట్ట నీటిని వడకడుతోంది. బురదగా, ఇసుకతో బుడబుడ వస్తే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతోంది, గంటల్లో గండి పడుతుంది.

అప్పుడు అందరూ చేసే మొదటి పని ఊట ఉబికే ఆ బుగ్గ నోట్లో బస్తాలు కుక్కడం. అది చేయకూడదు. అక్కడ మూస్తే నీరు పక్కన ఇంకో దారి వెతుక్కుంటుంది. బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా రింగ్ కట్టి, లోపల నీటిమట్టం పెరగనివ్వాలి. మట్టం పెరిగేకొద్దీ ఒత్తిడి తేడా తగ్గి ఊట నెమ్మదిస్తుంది. నీరు తేటపడేంత ఎత్తు వచ్చాక ఆపి, ఒక పక్క గొట్టం పెట్టి పొర్లు నీటిని బయటికి వదలాలి. బస్తాను మూడింట రెండొంతులే నింపాలి. పొంగేలా నింపిన బస్తా గుండ్రంగా ఉబ్బి పక్కదానితో అతుక్కోదు, సందుల్లోంచి నీరు పోతుంది. టార్పాలిన్ కప్పాల్సింది నది వైపు. ఊరి వైపు కప్పితే ఊట బయటికి రాలేక కట్ట లోపలే నిలిచి, వాలు జారిపోతుంది.

ఎక్కడ చూడాలి? స్లూయిస్ తూముల పక్కన, మోటారు పైపులు కట్టను తొలిచిన చోట, ట్రాక్టర్లు దిగడానికి కట్టను కోసిన ర్యాంపుల దగ్గర, పాత గండి పూడ్చిన చోట, ఎలుక బొరియలున్న చోట. ఇసుక, బస్తాలు, సరుగుడు బాదులు జూన్‌లోనే కట్ట మీదికి చేరాలి. వరద వచ్చాక కట్ట మీద లారీ నడవదు, తడిసిన కట్ట మీద నడపకూడదు కూడా.

డ్యామ్ లేని ఏరు

2024 వరదను శ్రీశైలం లెక్కతో చూస్తే సగమే అర్థమవుతుంది. సాగర్‌కు దిగువన ఉన్న పులిచింతల డ్యామ్ దాటాక బ్యారేజీకి 85 కిలోమీటర్ల దూరం. ఆ మధ్యలో మున్నేరు, పాలేరు, వైరా నీళ్లు వచ్చి కృష్ణాలో కలుస్తాయి. మున్నేరు మీద చెప్పుకోదగ్గ నిల్వ లేదు. ఖమ్మం, మహబూబాబాద్ వైపు ఒక రాత్రి కుండపోత పడితే అది నేరుగా విజయవాడ నెత్తిన పడుతుంది. కింద వదలగలిగింది 10 లక్షలు అనుకున్నా, మున్నేరు వైపు నుంచి 3 లక్షలు వస్తుంటే పులిచింతల గేట్లకు మిగిలేది 7 లక్షలే. సాగర్‌లో గేటు ఎత్తేవాళ్లకు ఖమ్మంలో మున్నేరు మట్టం, కీసర దగ్గర మట్టం గంట గంటకూ తెలియాలి.

విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం కృష్ణా కాదు, బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టే ఈ వాగును వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర పక్కకు తిప్పి, డైవర్షన్ ఛానల్ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణాలో కలుపుతారు. ఆ ఛానల్ తొలి సామర్థ్యం 15 వేల క్యూసెక్కులు. అంతకుమించి వస్తే రెగ్యులేటర్ గేట్లెత్తి పాత బుడమేరులోకి వదలాలి. పాత బుడమేరు నగరం మధ్యనుంచి కొల్లేరుకు పోతుంది, దాని గర్భంలో ఇళ్లున్నాయి. 2024లో వాగు పొంగింది, అదే సమయానికి కృష్ణా కూడా నిండుగా ఉంది. ఛానల్ చివర నీరు నదిలోకి దిగలేక వెనక్కి తన్నింది. ఛానల్ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఇనప వలల్లో రాళ్లు నింపిన గేబియన్లు వేసి మూయడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది.

ఛానల్‌ను వెడల్పు చేస్తే సరిపోతుందని అందరూ అంటున్నారు. కృష్ణా మట్టం ఎత్తుగా ఉన్న రోజున వెడల్పు ఛానల్ కూడా వెనక్కే తన్నుతుంది. గట్ల ఎత్తును వాగు వరదకు కాకుండా, కృష్ణా 11.5 లక్షలు పారే రోజున ఉండే వెనుక మట్టానికి లెక్కగట్టి కట్టాలి. ఇంకో సంగతి: పోలవరం కుడి కాలువ నీరు కూడా చివర్లో ఇదే ఛానల్‌లో కలుస్తుంది. గోదావరి నీటిని ఆ కాలువలోకి ఎత్తే పట్టిసీమ పంపులు పూర్తిగా నడిస్తే 8,500 క్యూసెక్కులు. కాలువ పొడవు 174 కిలోమీటర్లు. సెకనుకు మీటరు చొప్పున వేసుకుంటే, పంపు ఆపాక చివరి నీరు ఇక్కడికి చేరడానికి 48 గంటలు. వాన మొదలయ్యాక పంపులు ఆపితే లాభం లేదు, రెండు రోజుల ముందు ఆపాలి.

గేటు ఎత్తకపోతే లెక్కలెందుకు

పై లెక్కలన్నీ గేట్లు లేస్తాయన్న నమ్మకం మీద ఉన్నవి. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు పోయింది. పారే నీటిలోనే తాత్కాలిక అడ్డుపలక అయిన స్టాప్‌లాగ్ దించి ఆ ఖాళీ మూసేదాకా, మట్టం తగ్గించడానికి నిల్వ ఉన్న నీటిని కిందికి వదిలేయాల్సి వచ్చింది. మూడు వారాల తర్వాత ప్రకాశం బ్యారేజీ దగ్గర కొట్టుకొచ్చిన పెద్ద పడవలు 67, 69, 70 గేట్ల దగ్గర తగిలి, గేటు ఎత్తడానికి తోడ్పడే బరువులైన కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి.

గేటు నిర్వహణలో ఖరీదైనది ఏదీ లేదు. గొలుసు, తాడు, పిన్నులకు మే నెలాఖరులోపు పరీక్ష. రబ్బరు సీళ్ల మార్పు. ప్రతి గేటునూ ఖాళీగా ఉన్నప్పుడు పూర్తిగా ఒకసారి ఎత్తి దించడం. డీజిల్ జనరేటర్‌ను లోడ్ మీద నడిపి చూడటం. స్టాప్‌లాగ్‌లు డ్యామ్ దగ్గరే సిద్ధంగా, అవి దిగే గాడిలో చెత్త లేకుండా ఉండటం. ఎగువ రేవుల్లో పడవలన్నిటికీ లంగరు ఉందో లేదో చూడటం కూడా ఈ జాబితాలోకి వచ్చి చేరింది.

గేట్లెత్తే క్రమం ముఖ్యం. మధ్య గేట్లు ముందు, తర్వాత రెండు వైపులా సమానంగా. ఒక పక్కవే ఎత్తితే కింద సుడి పడి ఒడ్డు కోతకు గురవుతుంది. శ్రీశైలంలో నిండు మట్టం దగ్గర ఒక గేటు 10 అడుగులు లేపితే సుమారు 27, 28 వేల క్యూసెక్కులు దిగుతాయి. అందుకే అడుగు అడుగుగా, సైరన్ మోగించి, మధ్యలో వ్యవధి ఇచ్చి పెంచాలి.

చివరిగా ఆ స్క్రోలింగ్‌లో కనిపించే ఇన్‌ఫ్లో అంకె గురించి. చాలా సందర్భాల్లో దాన్ని నదిలో కొలవరు. బయటికి వెళ్లిన నీటికి, నిల్వలో పెరిగిన నీటిని కలిపి లెక్కగడతారు. శ్రీశైలంలో అడుగుకు 6 టీఎంసీలన్నాం. స్కేలు మీద మట్టం చూడటంలో 0.1 అడుగు తేడా వస్తే 0.6 టీఎంసీ. దాన్ని గంటకు పంచితే 1.67 లక్షల క్యూసెక్కులు! గాలికి అలలు లేచిన రాత్రి ఆ మాత్రం తేడా ఇట్టే వస్తుంది. ఒక గంట 3 లక్షలు, మరుసటి గంట 5 లక్షలు, మళ్లీ 3 లక్షలు అని కనిపిస్తే నది పిచ్చెక్కలేదు, అలలు లేచాయంతే. మూడు గంటల సగటు తీస్తే అదే తప్పు 55 వేలకు దిగుతుంది. ఆ లెక్కకు వాడే నిల్వ పట్టిక కూడా కొత్తదై ఉండాలి. శ్రీశైలం కట్టినప్పటి నిల్వ 308 టీఎంసీలు, పూడిక వల్ల ఇప్పుడు 216. పాత పట్టికతో లెక్క వేస్తే లేని ఖాళీని ఉందనుకుని గేట్లు ఆలస్యంగా ఎత్తుతాం. పూడిక సర్వే ఐదేళ్లకొకసారి చేయించి, కొత్త పట్టికను ఆ వానాకాలం నుంచే కంట్రోల్ రూంలో వాడుకలోకి తేవాలి.